ఇంట్లో వేసుకున్న రంగు మరీ నల్లగా పడితే: ఏది మేలు?

డబ్బా మీద డార్క్ బ్రౌన్ అని చూసే కొంటాం. తల ఆరాక అద్దంలో చూసుకుంటే కాకి నలుపు. నలభై దాటిన ముఖానికి ఆ నలుపు అతకదు, కళ్ల కింద అలసటంతా ఎత్తి చూపిస్తుంది. వారంలో ఇంట్లో శుభకార్యం ఉంటే ఇక ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. "అదేంటి వదినా, విగ్గు పెట్టుకున్నావా?" అని ఎవరో ఒకరు అననే అంటారు.

అప్పుడు చాలామందికి తట్టే మొదటి ఉపాయం, లేత షేడ్ డబ్బా ఇంకొకటి తెచ్చి దాని మీదే వేసేయడం. ఉన్న దారులన్నిటిలో ఇదే దండగ. వేసిన రంగును ఇంకో రంగు తేలిక చేయలేదు. రంగు ట్యూబుతో కలిపే ద్రవం, అంటే డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ మన సహజమైన నలుపును కాస్త తగ్గిస్తుంది గానీ, అంతకుముందు పట్టిన డై జోలికి పెద్దగా పోదు. చివరికి కుదుళ్ల దగ్గర రాగి రంగు, కింద అదే నలుపు మిగులుతాయి. ఒక సమస్య రెండవుతుంది.

ఏ దారి మేలో తేల్చుకునే ముందు తలకు పెట్టింది ఏమిటో చూసుకోవాలి. ట్యూబూ డెవలపరూ కలిపి వేసే క్రీమ్ కలర్ ఒక రకం. నీళ్లలో కలిపే నల్ల పౌడర్ ఇంకో రకం. దాని మీద హెర్బల్ అనో, బ్లాక్ హెన్నా అనో రాసి ఉన్నా, వెనకవైపు పదార్థాల్లో పారాఫెనిలీన్ డయామిన్ కనబడితే అదీ కెమికల్ డైయే. గోరింటాకు, దాని మీద నీలిమందు ఆకు పొడి పెట్టుకునేవాళ్లది మూడో రకం. మొదటి రెండిటికి పనిచేసే చిట్కాలు మూడోదానికి పనిచేయవు. గోరింటాకు రంగు వెంట్రుకలోని కెరాటిన్‌నే పట్టుకుంటుంది, షాంపూకి గానీ, డై తీసేసే రిమూవర్‌కి గానీ లొంగదు. నీలిమందు ఉన్న జుట్టుకు బ్లీచ్ తగిలితే ఆకుపచ్చ తేలొచ్చు. కాబట్టి ఈ రకం వాళ్లు దేని జోలికీ పోకుండా ఉండటమే మేలు.

కెమికల్ డై అయితే అన్నిటికంటే తేలిక దారి తలస్నానాలు. రంగు వేసిన మొదటి రెండు మూడు రోజులు ఎప్పుడూ అసలుకంటే ముదురుగానే కనిపిస్తుంది, కొంత దానంతట అదే దిగుతుంది. రోజు విడిచి రోజు చుండ్రు షాంపూతోనో, జిడ్డు బాగా వదిలించే షాంపూతోనో తల రుద్దుకుంటే ఇంకాస్త తొందరగా దిగుతుంది. కుంకుడుకాయ రసమైనా ఇదే కోవ. అయితే దీనివల్ల నలుపు కాస్త మెత్తబడుతుందే తప్ప బ్రౌన్ అయిపోదు. కొబ్బరినూనె రాత్రంతా పెట్టుకుంటే రంగు దిగుతుందని చెబుతారు గానీ, దిగేది చాలా కొంచెం. తల రుద్దడానికి ముందు రాసుకుంటే వెంట్రుక ఎండిపోకుండా కాపాడుతుంది, దాని అసలు ఉపయోగం అదే.

నా ఓటు మాత్రం విటమిన్ సికి, అదీ రంగు వేసిన మొదటి రెండు మూడు రోజుల్లోనే చేసేవాళ్లకు. ఈ డైలు వెంట్రుక లోపల ఆక్సీకరణ జరిగి నల్లబడతాయి. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ యాసిడ్, ఆ పనిని కొంతవరకు వెనక్కి తిప్పుతుంది. మెడికల్ షాపులో దొరికే నారింజ రంగు చప్పరించే మాత్రలు కొనకండి. వాటిలో పంచదార, రంగు కలిసి ఉంటాయి, నూరితే జిగురై జుట్టుకు అంటుకుంటుంది. ఏమీ కలపని ఆస్కార్బిక్ యాసిడ్ పొడి తెచ్చుకోండి. ఒక వంతు పొడికి రెండు వంతుల షాంపూ కలిపి చిక్కగా చేసి, తడి జుట్టుకు పట్టించి, ప్లాస్టిక్ క్యాప్ పెట్టుకుని అరగంట నుంచి ముప్పావు గంట ఉంచండి. ముందు పొడవులకు, చివర్లకు పట్టించాలి. ప్రతిసారీ తలంతా రంగు వేసుకునేవాళ్లకు పాత పొరల మీద కొత్త పొర పేరుకుని, నలుపు ఎక్కువగా ఉండేది అక్కడే. కుదుళ్లకు చివరి పది నిమిషాలు చాలు. పని జరుగుతుంటే నురుగు గోధుమ రంగులోకి తిరుగుతుంది, కడిగాక తెల్ల తువ్వాలుతో అద్దితే మరకలు పడతాయి. తలలో గీతలు, పుండ్లు ఉంటే మంట పుడుతుంది, అలాంటివాళ్లు వద్దు. కడిగాక కండిషనర్ తప్పనిసరి.

ఇంత చేసినా తగ్గేది సుమారు ఒక షేడ్. నలుపు డార్క్ బ్రౌన్ కావచ్చు, లైట్ బ్రౌన్ కాదు. తలంతా పట్టించేముందే మెడ వెనక నుంచి చిన్న పాయ కత్తిరించి, దారంతో కట్టి, దాని మీద ప్రయత్నించి తెల్ల కాగితం మీద పెట్టి చూసుకుంటే మీ జుట్టుకు ఎంత దిగుతుందో ముందే తెలుస్తుంది.

అంతకంటే ఎక్కువ దిగాలంటే కలర్ రిమూవర్, లేదా సెలూన్‌లో బ్లీచ్ వాష్, అంటే బ్లీచ్‌ను షాంపూతో కలిపి తలకు పట్టించడం. ఈ రెండూ ఒకటే అనుకుంటారు, కాదు. గంధకం ఉన్న రిమూవర్ డై అణువులను చిన్నవిగా చేసి రంగు పోగొడుతుంది, మన సహజమైన నలుపును ముట్టుకోదు. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. అది భరించవచ్చు గానీ, కడగడం దగ్గర మాత్రం బద్ధకించకూడదు. లోపల మిగిలిన చిన్న అణువులు మళ్లీ గాలి తగిలి నల్లబడతాయి కాబట్టి నీళ్ల కింద చాలాసేపు నిలబడాలి. వెంటనే కొత్త రంగు వేసినా, దాని పెరాక్సైడ్‌కి అదే జరుగుతుంది.

బ్లీచ్ వాష్ అలా కాదు. డైతో పాటు తలలో ఇంకా నల్లగా ఉన్న సొంత వెంట్రుకలనూ తేలిక చేస్తుంది. మన జుట్టు నలుపు కింద ఎరుపు, నారింజ దాగి ఉంటాయి కాబట్టి సగం నెరిసిన తల రాగి చారలు చారలుగా బయటపడుతుంది. తర్వాత ఆ రాగి ఛాయను సరిచేసే టోనర్ వేయక తప్పదు. అందుకే సగం నెరిసినవాళ్లకు రిమూవరే మేలంటాను. బ్లీచ్ వాష్ మాత్రం ఇంట్లో వద్దు, చేయి తిరిగిన వాళ్ల దగ్గరే చేయించుకోండి. ఏళ్లుగా పెట్టిన గోరింటాకు, నల్ల పౌడర్ సంగతి వాళ్లకు దాచకుండా చెప్పండి. ముఖానికి వాడే బ్లీచ్ క్రీమ్, మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్, వంటసోడా, నిమ్మరసంతో ఎండలో కూర్చోవడం వంటివి ఒక్కటీ ఈ పనికి రావు. వెంట్రుక పీచులా అవుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా మిగులుతుంది.

మగవాళ్లకు ఇంత తంటా అక్కర్లేదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, రెండు సార్లు పొట్టిగా కటింగ్ చేయిస్తే నలుపు చాలావరకు పోతుంది. పొడుగు జుట్టు ఉన్నవాళ్లు మాత్రం పెరిగేదాకా కూర్చోవాలంటే ఏళ్లు పడుతుంది. చివర్లు ఒక నాలుగు వేళ్లు తీయించుకుంటే మాత్రం విగ్గు పెట్టినట్టున్న ఆ బరువు చాలా తగ్గుతుంది.

రంగు వేసినప్పుడు దురద, మంట, కనురెప్పల వాపు వచ్చి ఉంటే పైవేవీ వద్దు. నీళ్లతో బాగా కడుక్కుని చర్మ వైద్యుడిని కలవండి. పారాఫెనిలీన్ డయామిన్ అలర్జీ ఒకసారి వచ్చిందంటే మళ్లీ వేసినప్పుడు ఇంకా ఎక్కువగా రావచ్చు.

తర్వాతిసారికి మీరు అనుకున్నదానికంటే ఒక నంబరు లేతది తీసుకోండి. ఒకటి నలుపు, మూడు డార్క్ బ్రౌన్ అనుకుంటే, నాలుగుతో మొదలుపెట్టండి. కొత్తగా వచ్చిన తెల్ల కుదుళ్లకు మాత్రమే వేసి, పొడవులను వదిలేయండి. ముదురు చేయాలంటే పదిహేను నిమిషాల పని, లేతగా మార్చాలంటే మాత్రం ఇంత తతంగం.