ఎడారిలో ఆరేళ్లు: మా 24 అడుగుల ఆర్వీ గురించి ఉన్నది ఉన్నట్టు

2019 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న క్లాస్ సి ఆర్వీ ఇది, అంటే లోపలే వంట, పడక, బాత్రూం ఉండే మధ్యరకం బండి. పొడవు 24 అడుగులు, మేం నలుగురం. ఉండేది అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. ఇంటి ముందు ఆర్వీ పెట్టుకోవడానికి మా కాలనీ ఒప్పుకోదు కాబట్టి స్టోరేజీకి నెలనెలా అద్దె కడుతున్నాం, కొనేటప్పుడు ఈ ఖర్చు సంగతి అసలు తట్టనేలేదు. మైలేజీ గ్యాలన్‌కి ఎనిమిది, ఎదురుగాలి ఉంటే ఏడు. హోటళ్ల డబ్బు మిగులుతుందని కొనాలనుకుంటే మాత్రం కొనకండి, ఏమీ మిగలదు.

ఎడారిలో ఈ బండిని తినేసేది ఎండ. పైకప్పు మీద సందులు మూసే సీలెంట్ పగులుతుంది, వెంట్ల మూతలు అప్పడాల్లా విరిగిపోతాయి. 2022 జూన్‌లో కింగ్‌మన్ దగ్గర ఐ-40 మీద వెనక లోపలి టైరు పేలింది. పక్కన జోడీ టైరు ఉంది కాబట్టి బండి అదుపు తప్పలేదు గానీ, రబ్బరు ముక్కలు కొట్టుకుని కింద వైర్లూ ఒక పైపూ తెగిపోయాయి. అరుగుదల చూస్తే టైరు కొత్తదానిలాగే ఉండేది, అక్కడే మోసపోయాం. టైరు పక్క గోడ మీద DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడాలట: 2316 అంటే 2016లో 23వ వారంలో తయారైందని. మా టైరుకి అప్పటికే ఆరేళ్లు. ఇప్పుడు బండి నిలబెడితే ముందు టైర్లకి కవర్లు తొడిగి ఆ తర్వాతే లోపలికి వెళ్తాను, మా ఆవిడ నవ్వినా సరే.

రెండోది నీళ్లు. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లు, అంటే దాదాపు 150 లీటర్లు. మొదట్లో మాకు రెండు రోజులు కూడా వచ్చేది కాదు. చిత్రమేమిటంటే టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకు కంటే ముందు సింకు నీళ్ల గ్రే ట్యాంకు నిండిపోతుంది, కారణం మన వంట. పప్పు గిన్నె, నూనె మూకుడు, పిల్లల పెరుగు కంచాలు... వీటిని ఇంట్లో తోమినట్టు తోమితే పని అయిపోయినట్టే. ఇప్పుడు ముందు కాగితంతో గట్టిగా తుడిచేసి తర్వాతే తడి తగిలిస్తున్నాం, కుక్కర్‌లో అన్నం పప్పు ఒకేసారి పెట్టేస్తున్నాం, ఇడ్లీ అయితే ఇంకా నయం. ఇలా చేస్తే నాలుగు రోజులు లాగొచ్చు. బ్లాక్ ట్యాంకు ఖాళీ చేసే పని గురించి ఎక్కువ రాయను, మొదటిసారి ఆ పని చేశాక ఆ పూట అన్నం తినలేకపోయాను, ఇప్పుడు పది నిమిషాల పని.

ఏసీ చల్లబరిచే శక్తి 13,500 బీటీయూ. జూన్‌లో లేక్ పావెల్ పక్కన వాహ్వీప్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ ఉండి కూడా మధ్యాహ్నం లోపల ఉడికిపోయాం. 30 ఆంప్స్ లైను మీద ఏసీ, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ మూడూ వేస్తే బ్రేకర్ పడిపోవడం ఖాయం. తర్వాత 400 వాట్ల సోలార్, లిథియం బ్యాటరీ పెట్టించాను, లైట్లకీ ఫ్యాన్లకీ ఫోన్లకీ చక్కగా సరిపోతుంది, ఏసీకి కాదు. అందుకే అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకే కింది ఎడారి, వేసవిలో వెళ్తే ఎత్తున ఉండే బ్రైస్ కాన్యన్ వైపే. ఎత్తుకి పోయేకొద్దీ జనరేటర్ కాస్త నీరసపడుతుంది, అది గుర్తుంచుకోవాలి. వానాకాలంలో ఎండిన వాగుల్లో మాత్రం బండి ఆపకండి, ఎక్కడో పడిన వానకి ఇక్కడ వరద వస్తుంది.

ఇంకో తలనొప్పి, చూడాల్సిన చోటికి ఈ బండి రాదు. మాన్యుమెంట్ వ్యాలీలో 17 మైళ్ల మట్టి దారిలోకి ఆర్వీలను రానివ్వరు, అది నవాహో అనే ఆదివాసీ తెగ సొంత పాలనలో ఉన్న నవాహో నేషన్‌లోది కాబట్టి స్థానిక నవాహో గైడ్ జీపు మాట్లాడుకున్నాం. మేం వెళ్లింది ఏప్రిల్‌లో. అరిజోనాలో గడియారం మారదు, నవాహో నేషన్‌లో మాత్రం మార్చిలోనే గంట ముందుకి జరుపుతారు. ఆ సంగతి తెలియక గంట ఆలస్యంగా వెళ్లి జీపు టూర్ పోగొట్టుకున్నాం, సాయంత్రం దానికి మళ్లీ డబ్బు కట్టాం. తప్పు మాదే లెండి.

మా నాన్న జమ్మలమడుగు నుంచి వచ్చినప్పుడు పేజ్ దగ్గర హార్స్‌షూ బెండ్‌కి తీసుకెళ్లాను. వెయ్యి అడుగుల కింద కొలరాడో నది మెలిక తిరిగి పోతుంటే కాసేపు చూసి, "గండికోట కాడ పెన్నేరు గూడా కొండల నడుమ ఇట్లే పోతాది గదరా, దీనికోసరం ఇంత పెట్రోలు పోసుకోని రావల్లనా?" అన్నారు. ఆయనే రెండు రోజుల తర్వాత మాన్యుమెంట్ వ్యాలీ క్యాంప్‌గ్రౌండ్‌లో తెల్లవారుజామున లేచి, దుప్పటి కప్పుకుని బండి మెట్టు మీద కూర్చున్నారు. ఎదురుగా ఆ ఎర్ర రాతి గుట్టలు నల్లగా ఉండి ఒక్కొక్కటే రంగు తేలుతున్నాయి. టీ ఇస్తే చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకున్నారు. పగటి సందర్శకులెవరూ లేని ఆ గంట కోసమే ఈ బండిని ఇంకా అమ్మలేదు.

కొత్తవాళ్లు ముందు వారం అద్దెకి తీసుకుని చూడండి, అదీ ఫిబ్రవరిలో, అరిజోనాలోనే ఆర్గన్ పైప్ కాక్టస్ పార్కులోని ట్విన్ పీక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో. అక్కడ కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు, జనరేటర్‌కి వేళలున్నాయి, రాత్రి ఆకాశం మాత్రం కళ్లు తిప్పుకోనివ్వదు. మూడో రోజుకి మీ ఇంట్లోవాళ్లు ఇంకా నవ్వుతూ ఉంటే అప్పుడు కొనే సంగతి ఆలోచించండి. మేమూ వచ్చే మార్చిలో అక్కడికే వెళ్తున్నాం, ఆలోపు పైకెక్కి సీలెంట్ మళ్లీ వేయాలి.