స్టాటిక్ రూటా? ఓఎస్‌పీఎఫా?

భీమవరంలో ఆఫీసు, నరసాపురం వైపు రొయ్యల చెరువుల దగ్గర షెడ్డు, మధ్యలో ఒకే నెట్‌వర్క్ లింకు. ఇంతమాత్రానికి నా ఓటు స్టాటిక్ రూటుకే, అంటే రూటర్‌లో మనం చేత్తో రాసిపెట్టే దారికే. ఆఫీసు రూటర్‌లో ‘ఐపీ రూట్ 192.168.20.0 255.255.255.0 10.0.0.2’ అని ఒక్క వరుస చాలు: షెడ్డు నెట్‌వర్క్‌కు (192.168.20.0, మాస్క్ 255.255.255.0) వెళ్లేవన్నీ షెడ్డు రూటర్‌కు (10.0.0.2) పంపమని. షెడ్డు రూటర్‌లో తిరుగు దారి కూడా తప్పక రాయాలి. చాలామంది మరిచేది అదే: ప్యాకెట్ వెళ్తుంది, జవాబు రాదు.

అమలాపురం, రాజోలు, పాలకొల్లు శాఖలు కూడా కలిసి, ఒక్కో చోటికి రెండేసి లింకులుంటే ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు లింకుల సంగతి ఒకదానికొకటి చెప్పుకుని దారులు తామే లెక్కగట్టే పద్ధతి) మేలు. తుఫానుకు ఒక తీగ తెగినా దారి తనంతట తానే మార్చుకుంటుంది. స్టాటిక్ రూటు అలా కాదు. అవతల ఎక్కడో లింకు తెగినా, ఇవతలి ఇంటర్‌ఫేస్ పనిచేస్తున్నంతకాలం రూటర్ దారుల టేబుల్‌లో కదలకుండా ఉంటుంది.

సిస్కో రూటర్లలో మామూలుగా స్టాటిక్ ‘దూరం’ (అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్; ఈ అంకె తక్కువున్న దారినే రూటర్ ఎంచుకుంటుంది) 1, ఓఎస్‌పీఎఫ్‌ది 110. ఒకే గమ్యానికి రెండూ ఉంటే స్టాటిక్‌దే పైచేయి. దాన్ని అత్యవసర దారిగా మాత్రమే ఉంచాలంటే దూరం 120 ఇవ్వండి.