మా అంగట్లో తెలుగు బిల్లు: మూడేళ్ళు వాడాక చెబుతున్నా

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరు రాసినా జీఎస్టీ రిపోర్టులు, స్టాకు లెక్కలు, బార్‌కోడ్ అంటూ మొదలుపెడతారు. అవి ఇప్పుడు అన్నిట్లోనూ ఉంటాయి, వాటి జోలికి నేను పోను. నేను రాసేదంతా ఒక్క దాని గురించే. బిల్లు మీద "కందిపప్పు" అని తెలుగులో, ఒత్తు సరిగ్గా కింద కూర్చుని అచ్చు పడటం. మా అంగట్లో కంప్యూటర్ మూడేళ్ళు నిలబడిందంటే అందుకే. అది చెడిపోయిన రోజుల్లో మేం పడ్డ అవస్థా అందుకే.

కంపెనీ పేరు రాయను. తెలుగు అచ్చు విషయంలో ఎవరిది కొన్నా ఈ చిక్కు రావచ్చు, పేరు కంటే ఏం చూసి కొనాలో తెలిస్తే చాలు.

మాది కావలిలో కిరాణా అంగడి. నాయన పెట్టింది. వచ్చేవాళ్ళలో సగం మంది టౌను వాళ్ళు, మిగతా సగం తుమ్మలపెంట వైపు, జువ్వలదిన్నె వైపు పాలేల నుంచి వచ్చే వేట కుటుంబాలు. టౌను వాళ్ళు క్యూఆర్ కొట్టి వెళ్ళిపోతారు, బిల్లు చేతిలో పెట్టినా చూడరు. పాలెం వాళ్ళది పద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలంటే సరుకు అప్పు మీదే పోవాలి. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20 వేలకు పెరిగింది, అది పడగానే కొంత కడతారు, మిగతాది వేట మొదలయ్యాక చేప పడేదాన్ని బట్టి. అంటే ఏప్రిల్లో తీసుకున్న పప్పు లెక్క ఒక్కోసారి ఆగస్టుకు తేలుతుంది. నాలుగు నెలల కిందటి సరుకు మీద ఇద్దరికీ ఒకే మాట ఉండాలంటే మధ్యలో ఒక కాగితం ఉండాలి, ఆ కాగితాన్ని ఇద్దరూ చదవగలగాలి. ఇక్కడ ఇంటి లెక్క చూసేది ఆడవాళ్ళు. చాలామందికి తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

అంతకుముందు 2020లో ఒక ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాం. నాలుగు నెలలు కూడా నడవలేదు. బిల్లు ఇస్తే "ఇందులో ఏముందో నువ్వే చదివి చెప్పు" అనేవాళ్ళు, చదివి చెప్పేలోపు వెనక పది మంది నిలబడేవాళ్ళు. నాయన పక్కన ఎర్ర బైండు పుస్తకంలో మళ్ళీ అంతా రాసేవాడు. ఒకే పని రెండుసార్లు. చివరికి దాని మీద టవల్ కప్పేశాం.

2022 దసరాకు ఈ తెలుగుది పెట్టాం. సెలవులకొచ్చిన మా అక్క కూతురూ నేనూ అంగడి కట్టేశాక రాత్రిళ్ళు కూర్చుని 1,140 ఐటమ్‌ల పేర్లు తెలుగులో ఎక్కించాం, వారం పట్టింది. కంపెనీ ఇచ్చిన రెడీమేడ్ తెలుగు లిస్టు ఒకటి ఉంది గానీ అందులో "తూర్ దాల్", "చనా" అని తెలుగు లిపిలో రాసి ఉన్నాయి. అది తెలుగెట్లా అవుతుంది? మొత్తం తీసేసి మా అంగట్లో ఎట్లా అడుగుతారో అట్లాగే రాసుకున్నాం.

పెట్టిన రెండో వారం అనుకుంటా, పాలెం నుంచి మాకు ఇరవై ఏళ్ళుగా వచ్చే పెద్దమ్మ బిల్లు తీసుకుని అక్కడే బియ్యం మూట మీద కూర్చుని వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చదివింది. చదివి, "అబ్బయా, బెల్లం అర కిలో వేశావు. నేను తీసుకుంది ముప్పావు గదా" అంది. తప్పు మాది, నష్టం మాకు. ఆమె చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. నాయన ఆమె వెళ్ళేదాకా ఏమీ అనలేదు, తర్వాత నాతో "ఈ మిషన్ ఉండనీరా" అన్నాడు. కంప్యూటర్ గురించి ఆయన నోట మంచిమాట రావడం అదే మొదటిసారి. ఆ రోజు నేను పడ్డ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత రెండున్నరేళ్ళు బాగా నడిచింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు నెట్ పోయింది, కరెంటు పోయింది, అయినా ఇన్వర్టర్ మీద బిల్లులు పడుతూనే ఉన్నాయి, ఎందుకంటే డేటా మన సిస్టంలోనే ఉంటుంది. ఆ విషయంలో దండం పెట్టాలి.

ఇక 2025 మే. వేట నిషేధం మధ్యలో ఉన్నాం, పద్దులు పీకల్దాకా ఉన్నాయి. ఒక పొద్దున సిస్టం ఆన్ చేస్తే అప్‌డేట్ తనంతట తానే ఎక్కేసింది. మొదటి బిల్లు చించి చూస్తే "కందిపప్‌పు". దాని కింద "బెల్‌లం", "ఉప్‌పు", "సబ్‌బు", "అగ్‌గిపెట్‌టె". ఒత్తులన్నీ కిందకు పోకుండా పక్కన వచ్చి కూర్చున్నాయి, మధ్యలో ప్రతి అక్షరం నెత్తి మీదా పొల్లు. నూనె, రవ్వల్లో నూనె ఒక్కటే బాగా పడింది. కిరాణా అంగట్లో ఒత్తు లేని సరుకు ఎంత తక్కువో నాకు ఆ రోజే తెలిసింది. పప్పు, ఉప్పు, చక్కెర, బెల్లం, మిర్చి, కొబ్బరి, వెల్లుల్లి, ఏది పట్టుకున్నా ఒత్తే.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశా. అవతల మాట్లాడే ఆయనకు తెలుగు రాదు. అక్షరం తప్పు పడుతోందని నాకొచ్చిన ఇంగ్లీషులో, రొంత హిందీలో చెప్పా, ఫొటో పంపా. ఆయన ఫొటో చూసి "తెలుగే వస్తోంది కదా సార్, ప్రాబ్లం ఏంటి" అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను, ఆ లిపి తెలియని మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ తెలుగు బిల్లు అని చెప్పి అమ్మే కంపెనీ తెలుగు చదివే మనిషిని ఒక్కరినైనా ఫోన్ దగ్గర పెట్టుకోవాలి కదా. ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు. మూడో రోజు ఇంకొకరు ఫోన్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేయమన్నారు. వేశా. ఈసారి ఒత్తులూ లేవు, అక్షరాలూ లేవు, వరసగా ఖాళీ డబ్బాలు పడ్డాయి. నాలుగో రోజు మెసేజ్: సమస్య తీరేదాకా ఇంగ్లీషు పేర్లతో నడుపుకోండి.

ఇంకేం చేయాలి, ఇంగ్లీషు బిల్లులే ఇచ్చాం. ఒకరిద్దరు ఊరుకున్నారు. ఆ పెద్దమ్మ ఊరుకోలేదు. ఆమె మా బిల్లులన్నీ వంటింట్లో తీగకు గుచ్చి పెట్టుకుంటుంది, రాత్రి మనవరాలితో కలిసి లెక్క చూసుకుంటుంది. "ఇన్నాళ్ళూ నాకర్థమయ్యేట్టు రాశారు, ఇప్పుడు పద్దు పెరిగే టైములో ఇట్టా మార్చారు. ఏందిది?" అని నాయనను అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. నాయన ముఖం చూడలేకపోయా. మేం మోసం చేస్తున్నామని ఆమె అనలేదు, కానీ అట్లా అనుకోవడానికి మేమే దారి ఇచ్చాం. ఆ రాత్రి నాయన ఎర్ర పుస్తకం మళ్ళీ బయటికి తీశాడు.

దీన్ని బాగుచేసింది బస్టాండ్ దగ్గర కంప్యూటర్ రిపేర్ షాపులో పనిచేసే కుర్రాడు. అంగడి కట్టేశాక తొమ్మిదిన్నరకు వచ్చి పన్నెండు దాకా కూర్చున్నాడు. అతను విడమరిచి చెబితే నాకు అర్థమైంది ఇది: మన కౌంటర్ల మీద ఉండే చిన్న థర్మల్ ప్రింటర్లలో ఇంగ్లీషు అక్షరాలు లోపలే ఉంటాయి, కంప్యూటర్ "ఏ" పంపితే అది "ఏ" కొట్టేస్తుంది. తెలుగు అక్షరాలు అందులో ఉండవు. అందుకని సాఫ్ట్‌వేర్ ప్రతి లైన్‌ను ముందు బొమ్మగా గీసుకుని, ఆ బొమ్మను చుక్కలుగా ప్రింటర్‌కు పంపాలి. రెండంగుళాల కాగితం మీద అడ్డంగా పట్టేది 384 చుక్కలే. ఆ కొద్ది చుక్కల్లోనే దీర్ఘం, గుడి, ఒత్తు అన్నీ తేలాలి. కొత్త అప్‌డేట్‌లో ఆ గీసే పద్ధతి మార్చారు, అక్షరాలను కలిపి గీయడం పోయి ఒక్కొక్కదాన్ని విడివిడిగా పేర్చడం మొదలైంది. ఒత్తు అంటే రెండు హల్లులు కలిసినప్పుడే పుట్టేది, విడగొడితే ఇంకేముంది, పొల్లు మిగులుతుంది.

అతని దగ్గర పాత వెర్షన్ ఫైలు ఉంది, వేరే షాపుకు వేసినప్పటిది. దాన్ని ఎక్కించాడు. ఒత్తులు వచ్చాయి. కానీ కొత్త వెర్షన్‌లో రాసిన డేటా పాతదాంట్లో తెరుచుకోలేదు, అప్‌డేట్‌కు ముందు రోజు బ్యాకప్ మాత్రమే తెరుచుకుంది. అంటే పదకొండు రోజుల పద్దు లేనట్టే. ఆ పదకొండు రోజుల బిల్లుల కాపీలు మా దగ్గర ఉన్నాయి కాబట్టి సరిపోయింది, రెండు రాత్రులు కూర్చుని నేనూ నా భార్యా మళ్ళీ కొట్టాం. ఆ కాపీలు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటేనే టెన్షన్. తర్వాత ఆ కుర్రాడే ఫాంటు కూడా మార్చాడు. మొదట సన్న గీతల ఫాంటు ఉండేది, స్క్రీన్ మీద అందంగా ఉంటుంది, కాగితం మీద ఒత్తు చుక్కలా మిగులుతుంది. ఇప్పుడు నోటో శాన్స్ తెలుగు బోల్డ్ పెట్టాడు, ఉచితంగా దొరికేదే. తేడా చాలా ఉంది, కళ్ళజోడు లేకుండా నాయన చదువుతున్నాడు.

అతను తీసుకుంది మూడు వందలు. మళ్ళీ రెండు రోజుల తర్వాత అడగకుండానే వచ్చి బిల్లులు సరిగ్గా పడుతున్నాయా లేదా అని చూసి వెళ్ళాడు. చిన్న అంగళ్ళు కంప్యూటర్లకు మారాలని అందరూ అంటారు, మారినవాళ్ళ దగ్గరికి ఇట్లా వచ్చి కూర్చునే మనిషి ఎంతమందికి దొరుకుతాడు?

కంపెనీ నెలన్నర తర్వాత ఇంకో అప్‌డేట్‌లో దీన్ని సరిచేసింది. పొరపాటు జరిగిందని మెసేజ్ కూడా పెట్టారు, అది ఒప్పుకోవాలి. నేను వేరే సిస్టంలో వేసి చూశాను, ఒత్తులు బాగానే వస్తున్నాయి. మా అంగడి సిస్టంలో మాత్రం వేట మొదలై పద్దులన్నీ తేలాకే ఎక్కించాను.

పైన ఆ పెద్దమ్మ బిల్లులు తీగకు గుచ్చి పెట్టుకుంటుందని రాశాను కదా, ఇంకో సంగతి చెప్పాలి. థర్మల్ కాగితం వేడికి ఆగదు. ఆమె తీగ పొయ్యి పక్కనే ఉంది, ఏప్రిల్ బిల్లులు జూన్‌కల్లా కొన్ని నల్లబడ్డాయి, నూనె చెయ్యి తగిలినవి అక్షరాలు పోయి తెల్లబడ్డాయి. మొదట్లో నేను అందరికీ "ఇక పుస్తకం అక్కర్లేదు, ఈ బిల్లే సాక్ష్యం" అని చెప్పినవాణ్ణి, ఇప్పుడు ఆ మాట అనడం మానేశాను. పద్దు ఉన్న ప్రతి ఇంటికీ ఒక చిన్న నోటుపుస్తకం ఇచ్చాం, బిల్లు మొత్తం, తేదీ అందులో పెన్నుతో రాసి ఇస్తాం. సరుకు వివరం బిల్లు మీద, మొత్తం పుస్తకంలో. నెలకోసారి ఎవరన్నా అడిగితే మామూలు ఏ4 కాగితం మీద పద్దు అంతా తీసి ఇస్తాం, అది చెదరదు.

ఇంకొకటి, తెలుగు బిల్లు బొమ్మగా పోతుంది కాబట్టి నిదానం. ఇరవై లైన్ల బిల్లుకు నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతుంది. పండగ రోజుల్లో ఆ సెకన్లు తెలుస్తాయి. టౌను వాళ్ళకు ఇంగ్లీషు, పాలెం వాళ్ళకు తెలుగు అని కస్టమర్‌ను బట్టి మార్చుకునే ఆప్షన్ ఉంది, రద్దీలో అదే వాడుతున్నా. మేం జీఎస్టీ కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉన్నాం, కొనేవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేయడానికి మాకు అర్హత లేదని బిల్లు పైన ఒక లైను పడాలి, ఆ లైను మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది, మార్చడానికి వీలు లేదు.

కొనమంటావా అని అడిగితే, మీ అంగడిని బట్టి. నగదు, ఫోన్‌పే బేరాలే ఉండి, పద్దులు లేకపోతే దీని కోసం అంత శ్రమ అక్కర్లేదు, ఏ ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది. దగ్గర్లో పిలిస్తే వచ్చే రిపేరు కుర్రాడు లేని ఊళ్ళో అయితే నేను కాస్త ఆలోచిస్తాను. మాలాగా నెలల తరబడి పద్దు నడిపేవాళ్ళయితే మాత్రం తీసుకోవచ్చు, కానీ అమ్మడానికి వచ్చినవాళ్ళు ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద చూపించేది నమ్మవద్దు. మీ కౌంటర్ మీద, మీ ప్రింటర్ మీద, రెండంగుళాల కాగితం మీద "ఉప్పు, చక్కెర, వెల్లుల్లి, అగ్గిపెట్టె" అని కొట్టించి, ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించండి. ఆటో అప్‌డేట్ ఆపేయడం ఎక్కడో అప్పుడే అడిగి తెలుసుకోండి. పాత వెర్షన్ ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో ఇప్పించుకోండి. మాది నాయన గల్లాపెట్టెలో, ఎర్ర పుస్తకం పక్కనే ఉంది.