బార్సిలోనాలో సాంగ్రియా కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

బార్సిలోనా చూడ్డానికి వెళ్తున్నవాళ్లకీ, అక్కడే ఉంటూ చుట్టాల కోసం కానుకలు కొనేవాళ్లకీ ఈ హెచ్చరిక. సాంగ్రియా అంటే ఎర్ర వైన్‌లో పండ్లు, చక్కెర కలిపి చేసే స్పానిష్ పానీయం. లా రాంబ్లా అనే పెద్ద వీధి చుట్టుపక్కల కానుకల కొట్లలో దాని కిట్ అని ఒక గాజు సీసా కనిపిస్తుంది. లోపల ఎండిన నారింజ చక్రాలు, దాల్చినచెక్క, చక్కెర. పైన "సంప్రదాయ స్పానిష్ సాంగ్రియా, వైన్ పోస్తే చాలు" అని రాసి ఉంటుంది. మా ఆడపడుచు వాళ్లు వచ్చినప్పుడు దాదాపు 18 యూరోలు పెట్టి ఒకటి కొన్నాం. ఆ డబ్బంతా దండగే.

వైన్ పోసి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచమని దానిమీదే ఉంది. అలాగే ఉంచాం. మర్నాడు గ్లాసుల్లో పోస్తే దగ్గుమందులా జిగట తీపి, మింగాక గొంతులో చేదు. నారింజ తొక్క కింద ఉండే తెల్లటి పొర రోజంతా మద్యంలో నానితే చేదు దిగకుండా ఉండదు. ఆ చేదు తెలియకూడదనే అంత చక్కెర నింపారని నా అభిప్రాయం. యూరప్‌లో పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలి. ఈ సీసా మీద మొదటి పేరు చక్కెర, తర్వాత డెక్స్‌ట్రోజ్ (అదీ ఒక రకం చక్కెరే), సిట్రిక్ ఆమ్లం. నారింజ ఆ తర్వాతెక్కడో ఉంది. కొనే ముందు సీసా తిప్పి ఆ పట్టిక ఒక్కసారి చూడండి.

తిరిగి కొట్టుకు తీసుకెళ్తే, మూత తీశారు కాబట్టి డబ్బు వెనక్కి ఇచ్చేది లేదన్నారు. ఫిర్యాదు పత్రం అడిగితే తమ దగ్గర లేదన్నారు. ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి: స్పెయిన్‌లో కొట్టు చిన్నదైనా పెద్దదైనా "ఓహా దె రెక్లమసియోనెస్" అనే ఫిర్యాదు పత్రం ఉంచాలి, అడిగినవాళ్లకి ఇవ్వాలి. గట్టిగా అడిగాక మాకు లోపలినుంచి తెచ్చిచ్చారు. నింపి ఇచ్చాం, జవాబు ఇంకా రాలేదు.

వైన్‌తో సహా తయారుగా దొరికే సాంగ్రియా సీసాల సంగతి కొంత నయం, ఎందుకంటే వాటికి చట్టం ఉంది. 2014 నాటి ఐరోపా యూనియన్ నిబంధన ప్రకారం ఉత్త "సాంగ్రియా" అన్న పేరుతో అమ్మాలంటే అది స్పెయిన్‌లోనో పోర్చుగల్‌లోనో తయారవ్వాలి, మద్యం 4.5 శాతానికి తగ్గకూడదు, 12 శాతం లోపే ఉండాలి, విడిగా రంగు కలపకూడదు. జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో చేస్తే ఏ దేశంలో చేశారో లేబుల్ మీద చెప్పాలి. ఇంకో మాట, 2023 డిసెంబరు తర్వాత తయారైన వాటికి పదార్థాల పట్టిక సీసామీద కాకుండా క్యూఆర్ కోడ్ వెనక ఉండొచ్చు. అది ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి.

అసలు వీటి అవసరమే లేదు. ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా నాలుగైదు యూరోలకి "హోవెన్" అని రాసి ఉన్న లేత ఎర్ర వైన్ దొరుకుతుంది. టెంప్రనిల్లో గానీ గార్నాచా గానీ (ఇవి ద్రాక్ష రకాలు) చూడండి, లా మంచా, వాల్దెపెన్యాస్ ప్రాంతాల వైన్లు చవగ్గా ఉంటాయి. సీసామీద క్రియాంసా, రెసెర్వా అని ఉన్నవి వద్దు. ఓక్ పీపాల్లో నిలవచేసిన ఆ వాసన పండ్లతో కలవదు, ఖర్చూ ఎక్కువే. ముప్పావు లీటరు సీసాకి ఒక నారింజ, ఒక నిమ్మ, బాగా పండిన పీచ్ ఒకటి, రెండు చెంచాల చక్కెర, ఒక దాల్చిన ముక్క, కావాలంటే కొంచెం బ్రాందీ. చక్కెర ముందు నారింజ రసంలో కరిగించండి, చల్లటి వైన్‌లో తొందరగా కరగదు. రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే సరిపోతుంది. రాత్రంతా ఉంచాలంటే నారింజ, నిమ్మ తొక్క తీసేసి వేయండి. ఐసు, గసేయోసా అనే తీపి సోడా మాత్రం వడ్డించే ముందే కలపాలి, లేకపోతే గ్యాసు పోతుంది. తియ్యగా ఉంది కదా అని గబగబా తాగకండి, అందులో ఉన్నది వైన్, బ్రాందీ.

ఇంత కూడా ఓపిక లేకపోతే అక్కడివాళ్లు వేసవిలో తాగే టింటో దె వెరానో చేసుకోండి. ఎర్ర వైన్, గసేయోసా సమంగా, ఒక నిమ్మ చక్రం, అంతే.

ఇలాంటి కిట్ ఇప్పటికే కొన్నవాళ్లుంటే రసీదు, సీసా మీది లేబుల్ ఫోటో దాచుకుని మీరూ ఫిర్యాదు పత్రం నింపండి. సందర్శకులం కదా, మనకి హక్కు లేదేమో అనుకోకండి, ఎవరైనా ఇవ్వొచ్చు. ఊరు దాటేలోపే ఆ పని చేయండి, ఇంటికి వచ్చాక ఆ కొట్టువాళ్లని అడగడం కష్టం.