ఇంటి వద్ద లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష: సేకరణ బాగుంది, నివేదిక బాగాలేదు

విజయవాడలో మా వీధి చివరనున్న ల్యాబ్ వారు ఉదయాన్నే ఇంటికి వచ్చి, రక్తంలోని కొవ్వులను కొలిచే ఈ పరీక్ష కోసం అమ్మకు నొప్పి తెలియకుండా రక్తం తీసి, ఆమె పేరు, వయసు రాసిన చీటీని మా ఎదుటే గొట్టానికి అతికించారు. ఆ శ్రద్ధ మెచ్చుకోదగినది. నివేదిక సాయంత్రానికే ఫోనుకు వచ్చింది.

అయితే అందులో అందరికీ ఒకే కొలమానం ముద్రించారు. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ డెసిలీటరుకు పురుషుల్లో 40, స్త్రీలలో 50 మిల్లీగ్రాములకు తగ్గితే తక్కువగా లెక్కిస్తారు. అమ్మకు 44 ఉన్నా ‘సాధారణం’ అని వేశారు. ముట్లుడిగాక స్త్రీలలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ పెరుగుతుందనీ, మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపే ఉన్నప్పటికీ హెచ్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు పెరగడం మన దేశంలో చాలామందిలో కనిపిస్తుందనీ, దాదాపు 250 మందిలో ఒకరికి వంశపారంపర్యంగానే ఎల్‌డీఎల్ హెచ్చుగా ఉంటుందనీ తెలిపే వాక్యం ఒక్కటైనా లేదు. నా దృష్టిలో ఇది చిన్న లోపం కాదు, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ ‘సాధారణం’ చూసి డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేస్తారు.

ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిచారో, మిగతా విలువల నుంచి లెక్కగట్టారో కూడా రాయలేదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అలా లెక్కగట్టడానికి వాడుకలో ఉన్న పాత సూత్రం పనికిరాదు. ఫోన్ చేసి అడిగితే మర్యాదగా విని, స్త్రీల కొలమానంతో నివేదికను సరిచేసి పంపారు. రక్తం ఇవ్వడానికి మళ్లీ వీరినే పిలుస్తాను. నివేదికను మాత్రం డాక్టరుగారే చదవాలి.