నెలకి రెండొందలు, రెండు సినిమాలు, బోలెడంత వాదన: మా బెజవాడ ఫిల్మ్ క్లబ్ సంగతి

ఎనిమిది నెలల నుంచి వెళ్తున్నా కాబట్టి ఇంక రాయొచ్చులే అనుకుని రాస్తున్నా. పేరు మాత్రం చెప్పను, ఎందుకంటే ఉన్నవే నలభై కుర్చీలు, పోయిన నెల మెట్ల మీద కూర్చుని చూశా, ఇంకా జనం పెరిగితే ఆ మెట్టు కూడా పోయిద్ది. సూర్యారావుపేటలో ఒక బిల్డింగ్ మూడో అంతస్తు, మామూలు రోజుల్లో అది టెన్త్ పిల్లల ట్యూషన్ హాలు, నెలలో రెండు ఆదివారాలు సాయంత్రం పూట మాకు సినిమా హాలు. ఆ చుట్టుపక్కల టీ కొట్లలో అడిగితే ఎవరో ఒకళ్ళు చెప్తారు, అంత ఓపిక ఉన్నోళ్ళే రండి.

ఫీజు నెలకి 200. సాయంత్రం 5కి సినిమా, అయ్యాక టీ, ఆ తర్వాత గంట, గంటన్నర మాటలు. నేను వెళ్ళేది ఈ మాటల కోసమే, సినిమాదేముంది ఫోన్లో కూడా దొరుకుద్ది.

బెజవాడోళ్ళకి సినిమా గురించి మాట్లాడటం ఒకళ్ళు నేర్పాలా, దానికి మళ్ళీ రెండొందలా అని మా బావ నవ్వాడు. నిజమే, మనకి మారుతీ టాకీస్ వచ్చింది 1921లో, అంటే సినిమాకి ఇంకా మాటలు రాకముందు నుంచే చూస్తున్న ఊరు ఇది. గాంధీనగర్ వెళ్తే సందు సందుకీ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులు, ఇండస్ట్రీ మద్రాసులో ఉన్నా హైదరాబాదుకి కాపురం మార్చినా లెక్కలు మాత్రం ఇక్కడ తెగాల్సిందే. అందుకేనేమో మనకి సినిమా అనగానే ముందు నోటికొచ్చేది ఓపెనింగ్స్ ఎంత, కృష్ణా ఎంతకి కొన్నారు, గుంటూరు ఎంతకి పోయింది, షేర్ ఎంత గ్రాస్ ఎంత. మా నాన్న కూడా అంతే, హీరో చనిపోయే సీన్లో కూడా పక్కకి తిరిగి బాల్కనీ ఎన్ని సీట్లు నిండాయో లెక్కపెట్టేవాడు, ఆయనకి సినిమా వ్యాపారంతో అణాపైసా సంబంధం లేదు, అయినా సరే.

ఈ క్లబ్బులో ఆ లెక్కలు నడవవు. గోడకి ఒక రూలు రాసి పెట్టారు: బాగుంది, బాలేదు, ల్యాగ్. ఈ మూడు మాటల్లో ఏదైనా ఊరికే అంటే పది రూపాయలు ఫైను. ఏ సీను, అక్కడ ఏం చూశావు, ఎందుకు నచ్చింది ఎందుకు నచ్చలేదు అని చెప్తే ఫైను లేదు. వినడానికి స్కూల్ లాగా ఉంది గాని మొదటి రోజు నేను నలభై కట్టా, నోరు తెరిస్తే ఆ మాటలే వస్తున్నాయి, పాతికేళ్ళ నుంచి సినిమాలు చూస్తా ఇన్నాళ్ళూ ఈ మూడు ముక్కలతోనే బతికేశానా అనిపించింది. ఆ డబ్బులన్నీ ఒక హార్లిక్స్ సీసాలో వేస్తారు, వాటితోనే ఇంటర్వెల్ కి కింద బండి మీద నుంచి పునుగులు, అల్లం పచ్చడి వస్తాయి, కాబట్టి ఊరికే ల్యాగ్ ల్యాగ్ అనేవాళ్ళంటే అందరికీ మహా ప్రేమ.

ఇప్పుడు అసలు సంగతి. బైసికిల్ థీవ్స్ వేసిన రోజు గురించి చెప్పకపోతే ఈ రివ్యూ రాయడం దండగ.

1948 ఇటలీ సినిమా, డి సికా తీసింది, బ్లాక్ అండ్ వైట్. నిద్రొచ్చుద్దని ముందే ఫిక్సయి వెనక వరసలో ఫ్యాన్ కింద కూర్చున్నా. కథ చెప్పేస్తున్నానని తిట్టొద్దు, డెబ్బై ఏళ్ళు దాటిన సినిమాకి సస్పెన్స్ ఏంటి. యుద్ధం అయ్యాక రోమ్ లో పనుల్లేని రోజులు, ఒకాయనకి గోడలకి పోస్టర్లు అంటించే ఉద్యోగం వస్తది, సైకిల్ ఉంటేనే ఉద్యోగం, సైకిలేమో తాకట్టులో ఉంది, పెళ్ళాం ఇంట్లో దుప్పట్లు తీసి తాకట్టు పెట్టి దాన్ని విడిపిస్తది, మొదటి రోజే ఆ సైకిల్ ఎవడో కొట్టేస్తాడు. ఇంక మిగతా సినిమా అంతా తండ్రీ కొడుకూ ఊరంతా వెతుక్కోవడమే.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటినై, అందరం బాబాయ్ అంటాం. గాంధీనగర్ ఆఫీసులకి ముప్పై ఏళ్ళు వాల్ పోస్టర్లు అంటించిన మనిషి. ప్రతిసారీ వస్తాడు, చూస్తాడు, టీ తాగి వెళ్ళిపోతాడు, ఒక్క ముక్క మాట్లాడడు. ఇంగ్లీషు రాదు కాబట్టి కింద వచ్చే అక్షరాలు చదవలేడు, పాపం ఏం అర్థమయిద్దో అని మేమే జాలిపడేవాళ్ళం. ఆ రోజు టీ కూడా తాగకుండా లేచాడు.

"ఆడికి కాయితం అంటించడం నేర్పించారే, ఆ సీను చూశారా మీరు" అన్నాడు. మేం చూశాం గాని చూళ్ళేదు. "ముడతొస్తే అయిపోయిందిక. బంక ముందు గోడకి రాయాల, మళ్ళీ కాయితం మీద రాయాల, రాసి మధ్యలోంచి పక్కలకి లాగాల. ఆ నేర్పేవోడికి చెయ్యి అలవాటుంది, ఈడికి లేదు, ఆ తేడా చూపించాడు చూడండి డైరెక్టరు" అన్నాడు. తర్వాత వాళ్ళ రోజుల గురించి, శుక్రవారం రిలీజు అంటే గురువారం రాత్రంతా తిరగడం, మైదా ఉడకేసిన బంక బకెట్టు హ్యాండిలుకి, పోస్టర్ల కట్ట వెనక క్యారేజీ మీద, నిచ్చెన భుజాన, సైకిల్ లేనోడికి ఆఫీసులో పనివ్వరు, అద్దె సైకిల్ అయితే కూలిలో సగం దానికే పోయేది. ఎక్కడా గొంతు పెంచలేదు.

"నాకు ఏడుపొచ్చింది సైకిల్ పోయినప్పుడు కాదమ్మా, దుప్పట్లు పెట్టినప్పుడు. ఆ కొట్టోడు మూట పట్టుకుని నిచ్చెనెక్కుతా ఉంటాడే, ఎక్కుతా ఎక్కుతా పైదాకా మూటలే. అయ్యన్నీ ఎవరియో దుప్పట్లేగా" అన్నాడు. హాల్లో ఒక్క చప్పుడు లేదు, ఆ పాడు ఫ్యాను గరగర తప్ప.

ఆఖర్లో తండ్రి ఇంక గతిలేక తనే ఒక సైకిల్ ఎత్తబోయి దొరికిపోతాడు, కొడుకు చూస్తుండగానే. అది తప్పా కాదా అని ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, చట్టం, నీతి, ఏదో చెప్పబోతున్నాడు. బాబాయ్ అతని వంక చూసి "నాది అలంకార్ సెంటర్ దగ్గర పోయింది. అక్కడే తాళం వెయ్యని సైకిల్ ఇంకోటుంది. ఓ పది నిమిషాలు నిలబడ్డా దాని పక్కన" అన్నాడు. కూర్చున్నాడు. తీశాడా లేదా అని ఎవరూ అడగలేదు, నేను ఇప్పటికీ అడగలేదు.

ఆ తర్వాత ఇంటికెళ్ళి అదే సినిమా మళ్ళీ చూశా, నిజంగా చూశా. ఆ ముసలాయనకి కనిపించినవి ఒక్కోటీ వెతుక్కుని చూశా.

అట్టాగని అందరూ ఆ సినిమాని నెత్తిన పెట్టుకోలేదు. ఇంజనీరింగ్ చదివే ఒకమ్మాయి, కానూరు నుంచి వస్తది, గట్టిగా వేసుకుంది: దుప్పట్లు తీసింది ఆ ఇల్లాలు, సైకిల్ విడిపించింది ఆవిడ, సైకిల్ పోయిన కాసేపటికే ఆవిడ సినిమాలోంచే మాయమైపోయింది, తర్వాత ఆవిడేం చేస్తుందో ఎవరికీ పట్టలేదు, తండ్రీకొడుకుల కథ కాబట్టి తల్లి అక్కర్లేదా అని. నాకు జవాబు లేదు, ఇంకెవరికీ లేదు. డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన ఇంకో పెద్దాయన మాత్రం టాపిక్ మార్చేసి, 1952లో మన దేశంలో మొదటి ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ పెట్టినప్పుడు ఈ సినిమా వేశారు, మన పాతాళభైరవి కూడా అదే ఫెస్టివల్లో ఉంది తెలుసా అన్నాడు. తెలియదు. ఒకే పండగలో అటు సైకిల్ పోగొట్టుకున్నవాడు, ఇటు ఎస్వీ రంగారావు గారి నేపాళ మాంత్రికుడు, తల్చుకుంటే భలే ఉంది.

సెలక్షన్ కి మాత్రం నిర్వాహకులకి మార్కులు వేయాలి. ఆ నెల రెండో సినిమా కేరాఫ్ కంచరపాలెం, 2018ది. ఎందుకంటే బైసికిల్ థీవ్స్ లో తండ్రి వేసినాయన అసలు యాక్టరే కాదంట, ఫ్యాక్టరీ వర్కర్. ఇక్కడేమో విశాఖ కంచరపాలెం జనాన్నే తీసుకుని, వాళ్ళ వీధుల్లోనే తీశారు. రెండూ ఒకే నెల్లో చూస్తే యాక్టింగ్ అంటే ఏంటి అనే ప్రశ్న దానంతటదే వచ్చుద్ది, ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేదు. వైజాగ్ నుంచి ఇక్కడ కోడలుగా వచ్చిన ఒకక్క ఉంది, మేం నవ్వాల్సిన చోట నవ్వట్లేదని సినిమా మధ్యలోనే కోప్పడింది, మీకు మా మాట ఎక్కట్లేదు అని. నిజమే, యాస నవ్వులు సగం మా మీద నుంచి పోయాయి.

ట్వెల్వ్ యాంగ్రీ మెన్ రోజు కరెంటు పోయింది, అరగంట చీకట్లో కూర్చున్నాం, అయినా ఎవరూ పోలేదు. 1957 సినిమా, ఒక హత్య కేసులో కుర్రాడు దోషా కాదా అని తేల్చాల్సిన పన్నెండు మంది జ్యూరీ, అంటే కోర్టు కూర్చోబెట్టిన మామూలు జనం, దాదాపు అంతా ఒకే గది. మొదట్లో కెమెరా కంటికి పైన ఉంటది, పోనుపోను కిందకి దిగుద్ది, లెన్సులు కూడా మారతాయి, అందుకే గది ఇరుకైపోతున్నట్టు ఊపిరాడనట్టు ఉంటదని ఒక కుర్రాడు ఫోన్లో చూసి చదివాడు. చదివితే చదివాడుగాని కరెంటొచ్చాక అది చూస్తే నిజమే. మా లాయరు గారు ఉంటారు గవర్నర్ పేట నుంచి, మన దగ్గర జ్యూరీ ఎందుకు లేదంటే 1959లో నేవీ ఆఫీసరు నానావతి భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసు దగ్గర మొదలుపెట్టి 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దాకా తీసుకెళ్ళారు, ఆ కొత్త కోడ్ లో జ్యూరీ అన్నదే లేదంట. బాగా చెప్పారు. కొంచెం ఎక్కువ చెప్పారు.

మాయాబజార్ రోజు గొడవే గొడవ. 1957 నాటి బ్లాక్ అండ్ వైట్ వెయ్యాలా, 2010లో రంగులేసి వదిలింది వెయ్యాలా అని గ్రూపులో ముందే వారం రోజులు కొట్టుకున్నారు. చివరికి సగం అది సగం ఇది వేశారు, అదో తిక్క నిర్ణయం, రెండు వర్గాలూ తిట్టాయి. పాత థియేటర్లో ఆపరేటర్ గా చేసిన ఇంకొకాయన "లాహిరి లాహిరి లో వెన్నెల కెమెరామన్ బార్ట్లీ గారు లైట్లతో చేసిన వెన్నెల, దానికి మళ్ళీ మీరు రంగెయ్యడమేంటండీ" అని అలిగి రెండో సగం బయట నిలబడ్డారు. అసలు నాకు నచ్చిన పాయింటు ఎనిమిదో క్లాసు పిల్ల ఒకటి చెప్పింది, నాన్నతో వచ్చింది, "భారతం కథ అన్నారు, పాండవులు ఏరి?" అని. అందరం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఎన్నిసార్లు చూసి ఉంటాం ఆ సినిమా, అభిమన్యుడు ఉన్నాడు, ఘటోత్కచుడు ఉన్నాడు, వాళ్ళ నాన్నలు మాత్రం కథలోకి రారు, వాళ్ళు లేరన్న వెలితే మనకి తెలియలేదు. ఆ పిల్లకి హార్లిక్స్ సీసాలోంచి ఇరవై తీసి ఇచ్చారు, రివర్స్ ఫైను.

సరే మంచి చాలా చెప్పా, ఇప్పుడు తిట్లు.

సౌండ్ దరిద్రం. రెండు బాక్సులు, అందులో ఒకటి అప్పుడప్పుడు అలుగుద్ది. మాటలు తక్కువ, గుయ్ మనే శబ్దం ఎక్కువ. మే నెలలో ఆ స్లాబు కింద కూర్చోవడం అంటే పెనం మీద కూర్చోవడమే, ఏసీ ఒకటే ఉంది, అది ముందు రెండు వరసలకే. లిఫ్ట్ లేదు, బాబాయ్ లాంటి వాళ్ళు ఒక్కో అంతస్తుకి ఆగి ఆగి ఎక్కాలి. బాత్రూమ్ ఒకటే.

సబ్ టైటిల్స్ సంగతి ఇంకా తేల్చలేదు. వేరే భాష సినిమాలన్నిటికీ ఇంగ్లీషులోనే వస్తాయి, మా వాళ్ళలో పది మందికి అది అందదు. ఒక మాస్టారు పక్కన కూర్చుని గుసగుసగా తెలుగులో చెప్తుంటారు, ఆయన మంచితనమే గాని ఆ గుసగుస నాలుగు వరసలకి వినపడుద్ది. కథ ఒక పేజీ తెలుగులో జిరాక్స్ తీసి ముందే పంచండి అని మూడు నెలల నుంచి అడుగుతున్నాం, రెండుసార్లు పంచారు, మళ్ళీ మర్చిపోయారు.

ఇంకోటి, ఒక సార్ ఉన్నారు, మైకు దొరికితే వదలరు. నియోరియలిజం, అంటే మామూలు జనం బతుకుల్ని ఉన్నదున్నట్టు తీసే ఇటలీ పద్ధతి, ఆ మాట బైసికిల్ థీవ్స్ రోజు నేను లెక్కపెట్టి పద్నాలుగు సార్లు విన్నా. మనిషికి ఐదు నిమిషాలు అని రూలుంది, గంట కూడా ఉంది, ఆ గంట కొట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఇట్టాంటి వాళ్ళ వల్లే కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఒక్కసారి వచ్చి మానేశారని నా అనుమానం.

గుంటూరు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వస్తారు. మార్చిలో ఒక ఆదివారం ప్రోగ్రాం మార్చేసి గ్రూపులో మధ్యాహ్నం మూడింటికి మెసేజ్ పెట్టారు, అప్పటికి వాళ్ళు బస్సులో ఉన్నారు, వచ్చి తాళం చూసి పునుగులు తిని వెనక్కెళ్ళారు. సారీ చెప్పారు, ఆ నెల వాళ్ళ దగ్గర ఫీజు తీసుకోలేదు, అది మర్యాదే, గాని అట్టా చెయ్యకూడదు.

ఎవరికి సెట్ అయిద్దంటే, పక్కోడు ఏం చూశాడో వినే ఓపిక ఉన్నోళ్ళకి. కొత్త సినిమాలు వెయ్యరు, హీరోల గురించి కొట్లాడుకోనివ్వరు, దానికి సెంటర్ కి ఒక టీ కొట్టు ఉండనే ఉంది. సుఖంగా కూర్చుని చూడాలనుకుంటే మల్టీప్లెక్స్ కి పోండి, అక్కడ పాప్ కార్న్ కి అయ్యే డబ్బులు ఇక్కడ నెల ఫీజు.

వచ్చే ఆదివారం పథేర్ పాంచాలి. సత్యజిత్ రేకి సినిమా తియ్యాలన్న పట్టుదల లండన్లో బైసికిల్ థీవ్స్ చూశాకే గట్టిపడిందంట, అందుకే దాని తర్వాత ఇది పెట్టుకున్నామని అంటున్నారు, చూద్దాం. 5కి అంటే 5:20కి మొదలయిద్ది. ఫ్యాన్ కింద కుర్చీ కావాలంటే 4:45కల్లా ఎక్కండి, నీళ్ళ బాటిల్ మీరే తెచ్చుకోండి, ఆ మూలన కిటికీ పక్క కుర్చీలో మాత్రం కూర్చోకండి, అది బాబాయ్ ది.