ఉతికేసిన చీర, ఒక లావుపాటి పుస్తకం: ఆరేళ్ల తర్వాత

బ్రూస్ ఫ్రేజర్, క్రిస్ మర్ఫీ, ఫ్రెడ్ బంటింగ్ కలిసి రాసిన ‘రియల్ వరల్డ్ కలర్ మేనేజ్‌మెంట్’ రెండో ఎడిషన్ నా దగ్గర ఆరేళ్లుగా ఉంది. ఫోటోలో రంగులు కెమెరా నుంచి ప్రింటు దాకా మారిపోకుండా చూసుకోవడం గురించిన పుస్తకం. ఆండ్రూ రాడ్నీ ఫోటోగ్రాఫర్ల కోసమే రాసిన పుస్తకం కొందామని మొదట అనుకున్నాను. ఇది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనబడింది, కొనేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

కొన్నాక ఏడాది పాటు అల్మరాలోనే ఉంది. నాది తెలుగు మీడియం చదువు. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర స్టూడియో, చేతినిండా పెళ్లి ఆల్బమ్‌లు. ఐదు వందల పేజీలు దాటిన ఇంగ్లీషు పుస్తకం ఎవరు చదువుతారు? చీర గొడవ వచ్చాకే తెరిచాను.

అది గజపతినగరం వైపు పెళ్లి. కెమెరాలో అడోబ్ ఆర్‌జీబీ (రంగులను అంకెల్లో రాసే ఒక పద్ధతి) పెట్టుకుని తీశాను, అదేదో గొప్ప అని ఎవరో చెబితే. ఆల్బమ్ ప్రింట్ చేసేవాళ్లు ఫైళ్లు ఎస్‌ఆర్‌జీబీ అనే ఇంకో పద్ధతిలోనే పంపమన్నారు. ఫోటోషాప్ ఎడిట్ మెనూలో ‘అసైన్ ప్రొఫైల్’, ‘కన్వర్ట్ టు ప్రొఫైల్’ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. రెండూ ఒకటే అనుకుని పైదాన్ని యాక్షన్‌లో (ఒకసారి నేర్పితే అదే పని మళ్లీ మళ్లీ చేసేది) పెట్టి, నలభై షీట్లకూ ఒకేసారి నడిపించి ఇంటికి పోయాను. పొద్దున్న ఒక్క ఫైలు కూడా తెరిచి చూడలేదు. ఆల్బమ్ వచ్చాక పెళ్లికూతురు వాళ్లమ్మ రెండు పేజీలు తిప్పి, “ఏటి బాబూ, మా పిల్ల చీర ఉతికీసినట్టుందేటి?” అన్నారు. నిజమే. ఎర్రటి పట్టుచీర వెలిసిపోయి ఉంది. పందిట్లో మామిడాకులు కూడా వాడినట్టు కనబడ్డాయి. ప్రింట్ వాళ్లతో ఫోన్‌లో గొడవపడ్డాను. “మీరు పంపిందే వేశాం” అన్నారు.

ఆ రాత్రి పుస్తకంలో అసైన్, కన్వర్ట్ ఉన్న పేజీలు నాలుగుసార్లు చదివాను. నాకు అర్థమైంది నా మాటల్లో చెబుతాను. మా తాత ఊరి కుంచం వేరు, మా అమ్మమ్మ ఊరి కుంచం వేరు. ఐదు కుంచాలు అంటే ఏ ఊరి కుంచమో చెప్పకపోతే ధాన్యం ఎంతో తెలీదు. ఫైల్లో ఉన్నవి అంకెలు, ప్రొఫైల్ అంటే ఆ కుంచం ఏ ఊరిదో చెప్పే చీటీ. అసైన్ చేస్తే చీటీ మారుతుంది, అంకె అలాగే ఉంటుంది, ధాన్యం లెక్క తప్పుతుంది. కన్వర్ట్ చేస్తే ధాన్యాన్ని కొత్త కుంచంతో మళ్లీ కొలిచినట్టు. అంకె మారుతుంది, ధాన్యం అంతే ఉంటుంది.

నమ్మకం కుదరక ఒక చదరం గీసి ఎస్‌ఆర్‌జీబీలో 255, 0, 0 (ఎరుపు నిండుగా, ఆకుపచ్చ, నీలం సున్నా) నింపాను. అడోబ్ ఆర్‌జీబీకి కన్వర్ట్ చేస్తే అంకెలు 219, 0, 0 అయ్యాయి. కంటికి మాత్రం అదే ఎరుపు. ఇప్పుడు దానికి ఎస్‌ఆర్‌జీబీ అసైన్ చేశాను. అంకె 219 దగ్గరే ఉండిపోయింది, ఎరుపు నా కళ్ల ముందే చప్పబడింది. చీర గుట్టు దొరికింది! ఆల్బమ్ మళ్లీ వేయించిన ఖర్చు నాదే అనుకోండి, కానీ ఆ రాత్రి వచ్చిన సంతోషం వేరు.

తర్వాత రెండేళ్లు కనబడిన ప్రతి ఫోటోగ్రాఫర్‌కీ ఈ పుస్తకం కొనమనే చెప్పాను. ఇప్పుడు కొంచెం ఆగి చెబుతున్నాను. రంగు అంటే ఏమిటి, ప్రొఫైల్ అంటే ఏమిటి అని చెప్పే మొదటి భాగం బంగారం. వెనక భాగంలో బొమ్మలు గీసే ఫ్రీహ్యాండ్ గురించి ఉంది, ఆ సాఫ్ట్‌వేరే ఇప్పుడు లేదు. పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్ క్వార్క్ ఎక్స్‌ప్రెస్ గురించిన పేజీలు నేను తిప్పనేలేదు. పుస్తకం మొదట వచ్చింది 2003లో మరి, పాతకాలం లావుపాటి సీఆర్‌టీ మానిటర్ల ముచ్చట్లు బోలెడు. 2016లో ఐఫోన్ 7లోకి వచ్చిన, ఎస్‌ఆర్‌జీబీ కంటే ఎక్కువ రంగులు పట్టే డిస్‌ప్లే పీ3 గురించి ఇందులో వెతకొద్దు. నాకు వచ్చే కస్టమర్లలో సగం మంది ఆల్బమ్ కంటే ముందు ఫోన్‌లోనే ఫోటోలు చూసి వంకలు పెడుతున్నారు.

ఇంకోటి. రంగులు సరిగ్గా కనబడాలంటే మానిటర్ చుట్టూ వెలుతురు ఒకేలా ఉండాలి, గోడలకు గాఢమైన రంగులు ఉండకూడదు. నా మానిటర్ వెనక గోడకి ఓనరు చిలకపచ్చ వేయించారు, తలుపు రోడ్డు వైపు. మానిటర్ రంగులు సరిచేసే కాలిబ్రేటర్ కొన్నాక కూడా మధ్యాహ్నం పూట స్కిన్ టోన్ జోలికి పోను, స్టూడియో షట్టర్ దించాకే చూసుకుంటాను.

ఆల్బమ్‌లు ప్రింట్‌కి పంపేవాళ్లు, ఇంగ్లీషుతో కాస్త కుస్తీ పట్టగలిగేవాళ్లు పాతది దొరికితే తీసుకోవచ్చు. కొత్త ధర పెట్టమని మాత్రం నేను చెప్పలేను, నేనైతే పెట్టేవాణ్ని కాదు. ఫోటోలు ఫోన్ దాటనివాళ్లకి ఇంత లావు పుస్తకం అనవసరం, ఎస్‌ఆర్‌జీబీలో తీసుకుంటే చాలు. వెలిసిపోయిన ఆల్బమ్ ఇంకా నా టేబుల్ కిందే ఉంది. కొత్తగా చేరిన కుర్రాడికి ముందు అదే చూపిస్తాను, పుస్తకం తర్వాత.